రామప్పలో సూది దూరే సందు, మన కారులో చెయ్యి దూరని సందు

ఇవ్వాళ మన ఎపిసోడ్ గ్యారేజీలో కాదు, పాలంపేటలో. నా వెనకాల కనిపిస్తున్నది రామప్ప గుడి. "కారు క్లీనింగ్ అని చెప్పి గుడికి తీసుకొచ్చినవేందన్నా?" అని అడుగుతారని తెలుసు. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, కారు దగ్గరికే వస్తున్నా.

పాలంపేట ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు జిల్లా. హైదరాబాద్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. కాకతీయ గణపతిదేవుడి దగ్గర సేనానిగా ఉన్న రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడు. ఇక్కడి శాసనంలో ఉన్న సంవత్సరం 1213. యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా 2021లో గుర్తించింది. గోడలు ఇసుకరాయి. స్తంభాలు, దూలాలు మాత్రం గ్రానైట్, డోలరైట్. డోలరైట్ అంటే నల్లటి, బాగా గట్టి రాయి. బయట చూరు కింద వాలుగా నిలబడి ఉన్న మదనికల బొమ్మలు చూడండి. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ నల్లరాయి ఇంకా నిగనిగలాడుతోంది.

లోపల స్తంభాల మీద ఇంకో వింత ఉంది. చెక్కడాల మధ్య సూదీ దారం మాత్రమే దూరేంత సన్నని రంధ్రాలు ఉన్నాయి. గైడ్లు ఇక్కడికి వచ్చినవాళ్లందరికీ తప్పకుండా చూపించేది అదే. చదునుగా ఉన్న రాయిని నున్నగా చెయ్యడం ఒక ఎత్తు, పనిముట్టు సరిగ్గా పట్టని చోట రాయి పగలకుండా పని చెయ్యడం ఇంకో ఎత్తు. దాన్ని చూసినప్పుడు నాకు మా బాపు కారు డోర్ గుర్తొచ్చింది. ఎందుకో చెప్తా.

నేను చేసిన తప్పు

మాది తొమ్మిదేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్. బాపు పదేళ్లు చిట్టీలు కట్టి, డబ్బు కూడబెట్టి కొన్నాడు. ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద ఆ కారుకే. నేను ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో, మొట్టమొదట ప్రయోగం చేసింది దాని మీదే. బానెట్ మీద అద్దంలా మొహం కనిపించేదాకా పాలిష్ కొట్టా. "తుప్పు పట్టకుండా" అని డోర్ల కింది అంచుల మీద అండర్‌బాడీ కోటింగ్ స్ప్రే కూడా దట్టంగా కొట్టా. వీడియోకి మంచి వ్యూస్ వచ్చినయ్. బాపు కూడా పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించాడు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు వెనక డోర్ తీస్తుంటే లోపల "గుల గుల" అని నీళ్ల చప్పుడు. బిందెలో నీళ్లు కదిలినట్టు. పెద్దగా పట్టించుకోలేదు. దసరా నాటికి డోర్ కింది అంచులో పెయింట్ బుడగలు లేచింది. వేలితో నొక్కితే పెంకు ఊడి వచ్చింది. లోపలంతా తుప్పు. టింకరింగ్ మేస్త్రీ చూసి, "ఇది పాలిష్‌తో పొయ్యేది కాదు తమ్మీ, కింద రేకు కోసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలె" అన్నాడు.

ఏం జరిగిందంటే, డోర్ అద్దం పక్కన రబ్బరు ఉంటుంది కదా, దాని సందులోంచి వాననీళ్లు డోర్ లోపలికి దిగుతాయి. ఇది లోపం కాదు, ప్రతి కారులోనూ అంతే. ఆ నీళ్లు బయటికి పోవడానికి డోర్ కింది అంచులో చిన్న చిన్న రంధ్రాలు ఇస్తారు. వాటినే డ్రెయిన్ హోల్స్ అంటారు. నేను కొట్టిన కోటింగ్ ఆ రంధ్రాలను మూసేసింది. లోపల మట్టి, నీళ్లు, గాలి మూడూ ఒకచోట చేరినయ్. ఇనుము తుప్పుగా మారినప్పుడు అది పట్టే చోటు పెరుగుతుంది, అందుకే పెయింట్ బుడగలా పైకి లేస్తుంది. మనకు బుడగ కనిపించిందంటే, లోపల పని ఎప్పుడో మొదలైందన్నమాట.

అందుకే ఈ ఎపిసోడ్‌లో ఒకే మాట చెప్పాలనుకుంటున్నా. చెయ్యి దూరని సందుల్లో మన పని మెరిపించడం కాదు. ముందు మట్టి తియ్యాలి, తర్వాత తడి ఆరనివ్వాలి. పాలిష్ చివర్లో, అదీ అవసరమైతేనే.

పాలిష్ అంటే నిజంగా ఏంటి?

గ్రానైట్ షాపులో బండ పాలిష్ పట్టడం చూశారా? ముందు 50 నంబర్ ప్యాడ్, తర్వాత 100, 200, 400, 800, 1500, చివరికి 3000. నంబర్ పెరిగేకొద్దీ ప్యాడ్‌లోని పొడి సన్నగా ఉంటుంది. ఒక్కో నంబర్ ముందుదాని గీతలను చెరిపి, ఇంకా సన్నని గీతలు పెడుతుంది. చివరికి గీతలు మన కంటికి ఆననంత సన్నగా అయిపోతాయి, రాయి మెరుస్తుంది. అంటే పాలిష్ పూసేది కాదు, అరగదీసేది.

కారు పెయింట్ పాలిష్ కూడా ఇదే సూత్రం. కానీ ఒక పెద్ద తేడా ఉంది. రాయికి మందం ఉంది. మన కారుకు లేదు. కారు రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. ఈ క్లియర్ కోట్ సాధారణంగా 40, 50 మైక్రాన్ల మందమే. మన తల వెంట్రుక కంటే సన్నం! పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచే కొంచెం పోతుంది. ఒకసారి పోయిందా, మళ్లీ పెయింట్ వేయించడం తప్ప దారి లేదు.

ఇంకో విషయం. డోర్ అంచులు, బానెట్ మీద పొడుగ్గా వచ్చే మడత గీతలు, ఫెండర్ మూలలు, ఇలాంటి చోట్ల పెయింట్ పొర ఇంకా పలచగా ఉంటుంది. మెషిన్ ప్యాడ్ చదునైన చోట బరువును అంతటా పంచుతుంది. అంచు మీదికి వచ్చేసరికి ఆ బరువంతా ఒక గీత మీద పడుతుంది. వేడి కూడా అక్కడే పోగవుతుంది. కాసేపట్లో రంగు, ఆ వెంటనే ప్రైమర్ బయటపడుతుంది. అందుకే అందని మూలల్లో మెషిన్ దూర్చే ప్రయత్నం చెయ్యకండి.

సామాను: అన్నీ కలిపినా పెద్ద ఖర్చు లేదు

ఒకటి, మెత్తటి కుచ్చు ఉన్న అంగుళం పెయింట్ బ్రష్. దాని ఇనుప పట్టీ చుట్టూ టేప్ చుట్టండి, లేకపోతే అదే కారుకు గీతలు పెడుతుంది. రెండు, పాత టూత్ బ్రష్. ఇది రబ్బరుకు, టైరుకు, సీటు పట్టాలకు మాత్రమే. పెయింట్ మీద వాడొద్దు. మూడు, మైక్రోఫైబర్ బట్టలు నాలుగైదు. నాలుగు, వెదురు పుల్లలు. కొన విరిచేసి, దానికి మైక్రోఫైబర్ ముక్క చుట్టి రబ్బర్ బ్యాండ్ వెయ్యండి. వేలు దూరని ప్రతిచోటికీ ఇదే మన వేలు. ఐదు, కేబుల్ టై. దీని పని తర్వాత చెప్తా. ఆరు, కెమెరా లెన్స్ తుడిచేవాళ్లు వాడే రబ్బరు బ్లోయర్. ఏడు, మీ చేతిలో ఉన్న ఫోన్ టార్చ్. నిజం చెప్తున్నా, అన్నిటికంటే ముఖ్యమైన సామాను ఇదే.

షాంపూ మాత్రం కారుదే వాడండి. గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే జిడ్డుతో పాటు పాత వ్యాక్స్ కూడా పోతుంది. టైమ్ విషయానికొస్తే, పొద్దున్నే మొదలుపెట్టండి. మన ఎండలకు పది దాటితే బానెట్ మీద చెయ్యి పెట్టలేం. వేడి రేకు మీద షాంపూ క్షణాల్లో ఎండిపోయి మరకలు కడుతుంది.

బయట: ఎక్కడెక్కడ చూడాలి

ముందు డోర్లు తియ్యండి. కింద మోకాళ్ల మీద కూర్చుని, డోర్ కింది అంచును టార్చ్‌తో చూడండి. రెండు మూడు రంధ్రాలు, కొన్ని కార్లలో వాటి మీద చిన్న రబ్బరు మూతలు కనిపిస్తాయి. మెత్తటి కేబుల్ టై కొనను అందులోకి నెమ్మదిగా పంపి కదపండి. మట్టి రాలుతుంది. ఇనుప తీగ, స్క్రూడ్రైవర్ వాడొద్దు. రంధ్రం అంచున పెయింట్ లేస్తే తుప్పుకు మనమే దారి వేసినట్టు. తర్వాత అద్దం రబ్బరు మీద ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పొయ్యండి. కింద రంధ్రంలోంచి కారితే దారి బాగున్నట్టు. ఈ ఒక్క పరీక్ష నేను అప్పుడు చేసుంటే మా బాపు డోర్ నిలిచేది.

రెండోది, వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జాలీ. వేప చెట్టు కింద కారు పెట్టేవాళ్లు ముఖ్యంగా వినండి. ఆకులు, పూత అంతా ఇక్కడ చేరి కుళ్లుతుంది. నీళ్లు పోయే దారి మూసుకుంటే అవి కారు లోపలికి కూడా రావొచ్చు. బానెట్ తీసి, చేత్తో ఆకులు ఏరెయ్యండి. పైపుతో నీళ్లు కొట్టి లోపలికి తొయ్యకండి.

మూడోది, పెట్రోల్ మూత చుట్టూ ఉండే గుంట. అక్కడ దుమ్ము, కారిన పెట్రోల్ జిడ్డు కలిసి నల్లగా పేరుకుంటాయి. క్యాప్ బిగించి ఉందో లేదో చూసుకుని, తడి బ్రష్‌తో తోమి, బట్టతో తుడిచెయ్యండి. ఆ గుంటకూ కింద ఒక డ్రెయిన్ ఉంటుంది, అదీ చూడండి.

నాలుగోది, చక్రాల పైన మడ్‌గార్డ్ లోపలి అంచు. వేళ్లు లోపలికి పెట్టి తడిమితే మీకే తెలుస్తుంది, మట్టి గట్టులా ఉంటుంది. గ్లౌజ్ వేసుకోండి, రేకు అంచు వేలు కోస్తుంది. ఎండిన మట్టిని గీకొద్దు. ముందు నీళ్లతో నానబెట్టి, మెత్తబడ్డాక తియ్యండి. మట్టి ఎండినట్టు కనిపించినా లోపల తడి చాలాసేపు ఉంటుంది. రేకుకు తడి గుడ్డ కట్టి వదిలేసినట్టే లెక్క.

ఐదోది, కంపెనీ లోగో, వెనక పేరు అక్షరాలు. అక్షరాల చుట్టూ షాంపూ నురగ, మెత్తటి బ్రష్, అంతే. పాత పాలిష్ ఎండి తెల్లగా ఉంటే వెదురు పుల్లకు చుట్టిన తడి బట్టతో తియ్యండి. గోరుతో గీకొద్దు.

కడగడం అయ్యాక, అద్దాల వెనక, హ్యాండిల్ వెనక, లైట్ల పక్క సందుల్లో నీళ్లు దాక్కుంటాయి. పది నిమిషాలు నీడలో డోర్లు, డిక్కీ తెరిచి పెట్టండి. బ్లోయర్‌తో సందులు ఊదండి. ఆ తర్వాతే వ్యాక్స్.

మరి పాలిష్ ఎక్కడ చెయ్యాలి?

డోర్ హ్యాండిల్ వెనక గిన్నెలా ఒక గుంట ఉంటుంది కదా, అందులో గోళ్లు, ఉంగరాల గీతలు తప్పకుండా ఉంటాయి. పెద్ద మెషిన్ అక్కడ దూరదు. ఇలా చెయ్యండి. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన తర్వాత, హ్యాండిల్ అంచులకు, రబ్బరుకు మాస్కింగ్ టేప్ వెయ్యండి. స్పాంజి ముక్క చిన్నగా కోసుకోండి. వేలితో నేరుగా రుద్దకండి. వేలి కొన బరువు ఒకేచోట పడి పాలిష్ గాళ్లు కడుతుంది. శనగగింజంత ఫైన్ పాలిష్ స్పాంజి మీద వేసుకుని, మెల్లగా ఒకే దిశలో ముందుకూ వెనక్కూ నాలుగైదు సార్లు రుద్దండి. తుడవండి. టార్చ్ వేసి చూడండి. తగ్గిందా, ఆపెయ్యండి. తగ్గలేదా, ఇంకొక్కసారి. గోరు పెడితే ఆనేంత లోతు గీత పాలిష్‌తో పోదు. దాని కోసం రుద్దితే గీత మిగులుతుంది, క్లియర్ కోట్ పోతుంది.

కొంచెం పెద్ద చోటుకు, అంటే అద్దం చుట్టూ, బంపర్ మడతల దగ్గర, చిన్న ప్యాడ్ ఉన్న మినీ పాలిషర్ వాడొచ్చు. స్పీడ్ తక్కువ పెట్టండి, మధ్య మధ్యలో చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చుర్రుమంటే ఆపండి. ఒక హెచ్చరిక: బంపర్లు ప్లాస్టిక్. వేడి త్వరగా బయటికి పోదు. పైగా షాపుల్లో పెయింట్ మందం కొలిచే మామూలు మీటర్లు లోహం మీదే పని చేస్తాయి, బంపర్ మీద పని చెయ్యవు. అక్కడ ఎంత పొర మిగిలిందో తెలియకుండా అరగదీస్తున్నాం అన్నమాట.

డోర్ తీస్తే కనిపించే లోపలి అంచులు, హింజ్‌ల చుట్టూ, బానెట్ కింద, వీటికి పాలిష్ అక్కర్లేదు. శుభ్రం చేసి, ఆరబెట్టి, బట్టతో పలచగా వ్యాక్స్ రాస్తే చాలు. వ్యాక్స్ పొర మీద నీళ్లు నిలవవు, దుమ్ము గట్టిగా పట్టదు. డ్రెయిన్ రంధ్రాల దగ్గర మాత్రం ముద్దగా రాయొద్దు. నా కథ గుర్తుందిగా!

లోపల: బంగారం ఇరుక్కుంటే

మనం ఉన్న చోటు నుంచి మేడారం దూరం కాదు. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు ఈ దారుల్లో ఎన్ని బండ్లు పోతాయో మీకు తెలుసు. జాతర నుంచి వచ్చిన కారులో మూడు ఉంటాయి: ఎర్ర దుమ్ము, పసుపు, బంగారం. బంగారం అంటే మన దగ్గర బెల్లం. సీటు పట్టాల్లో, హ్యాండ్‌బ్రేక్ పక్క సందులో బెల్లం ముక్క పడిందంటే, అది గాల్లో తడి పీల్చి కరిగి బంకలా పట్టుకుంటుంది. నాలుగు రోజులకు చీమల బారు. దాన్ని గీకకుండా గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన బట్ట ఐదు నిమిషాలు మీద పెట్టండి. కరుగుతుంది, తుడిచెయ్యండి. పుల్లకు చుట్టిన బట్టతో సందు తుడవండి.

పసుపు దగ్గర మాత్రం తొందరపడొద్దు. ముందు పొడిగా ఉన్నప్పుడే వాక్యూమ్‌తో లాగెయ్యండి. తడి చేస్తే బట్టలోకి దిగుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారడం మనింట్లో అందరికీ తెలిసిందే. సున్నంలాగే బట్టల సబ్బుకూ క్షార గుణం ఉంటుంది. అందుకే సబ్బు పెట్టగానే మరక ఎర్రబడుతుంది, మనం భయపడి ఇంకా రుద్దుతాం. సబ్బు బదులు పీహెచ్ న్యూట్రల్ షాంపూతో అద్ది తియ్యండి. మిగిలిన లేత పసుపు ఎండ తగిలేకొద్దీ పాలిపోతుంది. కొత్త కారు పూజ చేసినవాళ్లకు కూడా ఇదే మాట. బానెట్ మీది పసుపు కుంకుమలను పొడి బట్టతో రుద్దితే దుమ్ముతో కలిసి గీతలు పడతాయి. నీళ్లతో కడిగెయ్యండి.

సీటు కింద పని చేసేటప్పుడు ఒక జాగ్రత్త. పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోకండి, లాగకండి, వాటి మీద నీళ్లు చల్లకండి. అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. ఏసీ గాలి రెక్కలకు పొడి బ్రష్ ఒక చేత్తో, వాక్యూమ్ ఇంకో చేత్తో. స్క్రీన్ మీద లిక్విడ్ నేరుగా కొట్టొద్దు, బట్ట మీద కొట్టి తుడవండి. డ్యాష్‌బోర్డ్‌కు తళతళలాడే పాలిష్ రాస్తే ఎండలో అది ముందు అద్దంలో ప్రతిబింబించి రోడ్డు కనిపించదు. పెడల్స్, స్టీరింగ్, బ్రేక్ డిస్క్‌లకు ఏ పాలిషూ, ఏ స్ప్రే మెరుపూ వద్దు. కాలు జారినా, బ్రేక్ జారినా మెరుపు ఎందుకూ పనికిరాదు.

ఇంజిన్ దగ్గర కూడా అంతే. చల్లారాక, బ్రష్, తడి బట్ట. ఫ్యూజ్ బాక్స్, ఆల్టర్నేటర్ మీదికి ప్రెషర్ పైపు పెట్టొద్దు.

చివరగా

మా బాపు కారు సంగతి. మేస్త్రీ కింద రేకు కోసి, కొత్తది అతికి, ప్రైమర్ వేసి, రంగు కలిపి కొట్టాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ డోర్ రంగు కొంచెం తేడా తెలుస్తుంది. బాపు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఇప్పటికీ వాన తగ్గిన ప్రతిసారీ బయటికి వచ్చి, వెనక డోర్ తీసి, వంగి చెవి పెట్టి వింటాడు. గుల గుల అంటుందేమో అని. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంకొక్క మాట. ఇక్కడి రామప్ప చెరువు కూడా కాకతీయుల కాలానిదే, ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. గుడి చూసొచ్చి, చెరువు గట్టున కారు కడుగుదాం అనుకోకండి. ఆ షాంపూ, ఆయిల్ అంతా నీళ్లలోకే పోతుంది. ఇంటి దగ్గరో, మురుగు దారి ఉన్న సర్వీసింగ్ సెంటర్‌లోనో కడుక్కోండి.

ఈ ఆదివారం కారంతా కడగకపోయినా ఫర్వాలేదు. ఫోన్ టార్చ్ వేసుకుని నాలుగు డోర్ల కింద చూడండి. ఒక గ్లాసు నీళ్లు పోసి కారుతున్నాయో లేదో చూడండి. పది నిమిషాల పని. మీ కారు కాకపోతే మీ నాన్న కారుకు చెయ్యండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!